పన్ను లేని ఊరు

పోయిన వారం ఇంటి అద్దె కాగితాలు మళ్ళీ రాయించుకున్నాను. ఇది పద్దెనిమిదోసారి. ఇదివరకైతే ఒప్పందం కాపీలు, పాస్‌పోర్టు జిరాక్సు, కరెంటు బిల్లు పట్టుకుని వెళ్ళి, మునిసిపాలిటీ కౌంటర్ ముందు టోకెన్ తీసుకుని కూర్చోవాల్సొచ్చేది. ఇప్పుడు ఫోన్లోనే అయిపోతోంది. అయినా నేను దాన్ని ప్రింటు తీయించి, పాతవాటితో పాటు నీలం ఫైల్లో పెట్టాను. "ఫోన్లో ఉంటుందిగా, మళ్ళీ కాగితమెందుకు?" అని మా ఆవిడ నవ్వింది. కాగితం మీద ఉంటేనే రసీదు అని నమ్మే ఇంట్లో పుట్టినవాణ్ణి. ఆ అలవాటు ఎక్కడికి పోతుంది?

మా నాన్న తెనాలి మునిసిపాలిటీలో బిల్లు కలెక్టరు. సైకిలు, ఖాకీ సంచి, అందులో డిమాండు రిజిస్టరు, కార్బన్ పేపర్ పెట్టిన రసీదు పుస్తకం. అర్ధ సంవత్సరానికోసారి ఇంటి పన్ను, కుళాయి పన్ను. మార్చి వచ్చిందంటే మాకు నాన్న కనపడేవాడు కాదు. ముప్ఫై ఒకటో తారీకు రాత్రి ఏ పదకొండింటికో వచ్చి, కాళ్ళు కడుక్కుని, "తొంభై రెండు శాతం" అనో "ఎనభై ఎనిమిది" అనో అమ్మతో చెప్పి పడుకునేవాడు. మా క్లాసువాళ్ళు పరీక్షల్లో వచ్చిన శాతాలు చెప్పుకుంటే, మా ఇంట్లో వసూళ్ళ శాతం చెప్పుకునేవాళ్ళం.

ఆయన వార్డుల్లో కాలవ పూడినా, వీధి దీపం వెలగకపోయినా జనం అడిగేది ఆయన్నే. ఇంజనీరు ఎవరికీ దొరకడు కదా. "ముందు కాలవ తీయించండి, తర్వాత పన్ను" అని గుమ్మంలోనే గట్టిగా మాట్లాడేవాళ్ళు. నాన్న ఆ మాటలు చిన్న డైరీలో రాసుకుని, ఆఫీసులో శానిటరీ ఇన్‌స్పెక్టరుకి చెప్పేవాడు. చిన్నప్పుడు నాకు అది చూసి సిగ్గేసేది. "వాళ్ళు అట్లా అరుస్తుంటే నువ్వేంటి నాన్నా రాసుకుంటావు?" అని ఒకసారి అడిగాను. "పన్ను కట్టేవాడు అడుగుతాడు రా. అడిగేవాడుంటేనే కాలవ పారుద్ది" అన్నాడు. ఆయన నాతో చెప్పిన పెద్ద మాటలు తక్కువ. ఇది వాటిల్లో ఒకటి.

2006 అక్టోబరులో నేను దుబాయిలో ఒక ట్రేడింగ్ కంపెనీలో అకౌంటెంటుగా చేరాను. దుబాయిలో అద్దెలు నా జీతానికి అందవు. షార్జాలో కూడా అప్పటికే మండుతున్నాయి. అందుకని అందరూ చేసే పనే నేనూ చేశాను: ఇంకో ఊరు దాటి అజ్మాన్లో ఇల్లు తీసుకున్నాను. ఏడాదికి ఇరవై రెండు వేల దిర్హాములు, నాలుగు చెక్కులు. ఫోన్లో ఈ సంగతి చెప్పగానే నాన్న అడిగిన మొదటి ప్రశ్న, "మీ ఊళ్ళో ఇంటి పన్ను ఎంత?"

"ఇక్కడ పన్ను లేదు నాన్నా."

"అద్దెకున్నావు కాబట్టి నీకు లేదు. ఇంటాయనకి?"

"ఎవరికీ లేదు. జీతం మీద కూడా పన్ను లేదు."

అవతల కాసేపు మాట లేదు. నిమిషానికింత అని కార్డులో డబ్బులు తరుగుతున్నాయి. చివరికి, "మరి మునిసిపాలిటీ ఎట్లా నడుస్తోంది?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. అకౌంటెంటుని, బిల్లు కలెక్టరు కొడుకుని, నేనుంటున్న ఊరి ఆదాయ వ్యయాలు నాకు తెలియవు. ఆ రోజు నుంచీ ఆ ప్రశ్న నాతోనే ఉంది. దానికి జవాబు కొంచెం కొంచెంగా తెలుసుకోవడమే ఈ పద్దెనిమిదేళ్ళలో నేను ఈ ఊరితో పెట్టుకున్న చుట్టరికం అనుకుంటాను.

* * *

ఎమిరేట్స్ ఏడింటిలో అజ్మాన్ అన్నిటికంటే చిన్నది. మొత్తం 259 చదరపు కిలోమీటర్లు. హైదరాబాద్ గ్రేటర్ కార్పొరేషన్లో సగం కూడా లేదు. అందులోనూ కొండల వైపు ఉన్న మస్‌ఫూత్, మనామా అనే రెండు ముక్కలు అసలు ఊరికి ఎక్కడో దూరంగా ఉంటాయి. సముద్రం ఒడ్డున ఉన్న ఊరి చుట్టూ మూడు వైపులా షార్జానే. కొత్తగా వచ్చినవాళ్ళకి ఎక్కడ షార్జా అయిపోయి ఎక్కడ అజ్మాన్ మొదలవుతుందో తెలీదు. నాకైతే తెలుసు. టాక్సీ రంగు మారుతుంది, అద్దె తగ్గుతుంది.

ఈ ఊరి పేరు నాకు ఇక్కడికి రాకముందే తెలుసు. ఎనభైల మొదట్లో మా స్కూల్లో అందరికీ స్టాంపుల పిచ్చి. నాన్న ఒకసారి విజయవాడ వెళ్ళినప్పుడు విదేశీ స్టాంపుల పాకెట్టు కొనుక్కొచ్చాడు. అందులో పెద్ద పెద్ద రంగుల బొమ్మలతో, చంద్రుడి మీద దిగిన వాళ్ళతో, పక్షులతో, చిత్రకారుల బొమ్మలతో ఉన్న స్టాంపులన్నిటి మీదా 'అజ్మాన్' అని ఉండేది. ఇండియా స్టాంపులు దాని ముందు వెలవెలబోయేవి. ఇంత గొప్ప స్టాంపులు వేసే దేశం ఎంత పెద్దదో అనుకుని అట్లాసులో వెతికాను. కనపడలేదు.

ఆ స్టాంపుల కథ ఇక్కడికి వచ్చాక తెలిసింది. 1964లో అజ్మాన్ సొంత స్టాంపులు మొదలుపెట్టింది. ఫిన్‌బార్ కెనీ అనే అమెరికన్ స్టాంపు వ్యాపారి ఇక్కడి షేక్‌తో ఒప్పందం చేసుకున్నాడు. ఆ స్టాంపుల్లో చాలా భాగం ఉత్తరాల మీద అంటించడానికి కాదు, ప్రపంచంలోని పిల్లలకీ సేకర్తలకీ అమ్మడానికి. 'మనామా' పేరుతో వేరే సెట్లు కూడా వేశారు. స్టాంపుల లోకంలో వీటిని ఇసుకదిబ్బల స్టాంపులంటారు, కొంచెం చిన్నచూపుతో. అప్పట్లో ఈ ఊళ్ళో ఎంతమంది? 1968 జనాభా లెక్కల ప్రకారం అజ్మాన్ మొత్తం 4,246 మంది. మా నాన్న వసూలు చేసే వార్డుల్లో అంతకంటే ఎక్కువ మంది ఉండి ఉంటారు. ముత్యాల వ్యాపారం 1930లలోనే జపాన్ కల్చర్ ముత్యాల దెబ్బకి కూలిపోయింది. అబూ ధాబీకి, దుబాయికి నూనె దొరికింది కానీ అజ్మాన్‌కి దొరకలేదు. చేపలు, కొంచెం ఖర్జూరం, కొంచెం వ్యాపారం. అలాంటి ఊరికి స్టాంపు కూడా ఆదాయమే. 1971 డిసెంబరు 2న యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ ఏర్పడ్డాక తపాలా కేంద్రం చేతికి పోయి, ఆ స్టాంపుల ముచ్చట ముగిసింది.

ఇంకో సంగతి నన్ను మరీ ఆశ్చర్యపరిచింది. మొదటి అజ్మాన్ స్టాంపుల మీద వెలలు నయాపైసల్లో, రూపాయల్లో ఉన్నాయి. ఈ తీరమంతా అప్పట్లో మన రూపాయే నడిచేది. 1959 నుంచి మన రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసమే వేరే రంగు నోట్లు అచ్చేసేది. 1966 జూన్లో రూపాయి విలువ తగ్గించాక, వీళ్ళు దాన్ని వదిలేశారు. దిర్హం వచ్చింది 1973లో. ఇప్పుడు ప్రతి నెలా ఒకటో తారీకున దిర్హం ఎన్ని రూపాయలని ఫోన్లో చూసుకుని ఎక్స్‌ఛేంజికి పరిగెత్తే నేను, ఒకప్పుడు ఇక్కడ అదే రూపాయితో చేపలు కొనుక్కునేవాళ్ళని తలుచుకుంటే నవ్వొస్తుంది.

ఆ 4,246 మంది ఊరు 2017 నాటికి ఐదు లక్షలు దాటింది. యాభై ఏళ్ళలో దాదాపు 120 రెట్లు. మా తెనాలి మునిసిపాలిటీ 1909లో ఏర్పడింది. 2011 లెక్కల్లో లక్షా అరవై నాలుగు వేల చిల్లర. వందేళ్ళలో మా ఊరు నడిచిన దూరం ఈ ఊరు ఏ పదేళ్ళలోనో పరిగెత్తింది. ఊళ్ళు మనుషుల్లాంటివే, తొందరగా ఎదిగిన పిల్లాడికి చొక్కాలు చాలవు. నేను వచ్చేసరికి అజ్మాన్ పరిస్థితి అదే.

* * *

ఆ చాలని చొక్కా ఏమిటో నాకు మొదట ముక్కుకి తెలిసింది. అప్పట్లో ఇక్కడ భూగర్భ మురుగు గొట్టాలు లేవు. ప్రతి బిల్డింగు కిందా ఒక తొట్టి. అది నిండితే ట్యాంకరు వచ్చి తోడుకుపోవాలి. పొద్దున్నే ఆఫీసుకి బయల్దేరితే సందు మొదట్లో ట్యాంకరు, దాని లావుపాటి గొట్టం, మోటారు చప్పుడు. ఏ ఇంట్లో ఎంతమంది ఉన్నారో వాచ్‌మన్‌కి తొట్టి నిండే రోజుల్ని బట్టి తెలిసిపోయేది. "పరాయి దేశం వెళ్ళి అక్కడ కూడా సెప్టిక్ ట్యాంకేనా?" అని నాన్న ఫోన్లో నవ్వాడు.

2008కి ఊరు ఊరంతా క్రేన్లు. అజ్మాన్ 2004లోనే విదేశీయులకి ఫ్లాట్లు సొంతంగా కొనుక్కునే వీలిచ్చింది. నూనె లేని ఊరికి ఉన్న ఆస్తి నేల. దాన్నే అమ్మకానికి పెట్టింది. దుబాయి ధరలో సగానికి, మూడో వంతుకి ఫ్లాటు. ప్రతి మాల్లో ఒక బల్ల, దాని మీద గాజు పెట్టెలో టవరు నమూనా, సూటేసుకున్న కుర్రాడు. మా ఆఫీసులో నలుగురు కొన్నారు. ఒకతను కొన్న మూడు నెలలకి లాభానికి అమ్మేసుకున్నాడు కూడా.

నేనూ కొన్నాను. ఇరవై అంతస్తుల టవర్లో పన్నెండో అంతస్తు, ఒక పడగ్గది. మూడు లక్షల ఇరవై వేల దిర్హాములు. పద్నాలుగు నెలల్లో తొంభై ఆరు వేలు కట్టాను. నా జీతంలో వాయిదాలు పోను ఇంటి ఖర్చు మాత్రమే మిగిలేది. తెనాలిలో ఇల్లు కట్టడానికి నేను తీసుకున్న బ్యాంకు లోను కట్టే దారి కనపడలేదు. నాన్న అప్పటికి రిటైరయి ఏడాది. ఆయన గ్రాట్యుటీ డబ్బు మూడు లక్షల నలభై వేలు ఆ లోనుకి జమ చేసేశాడు. "నువ్వు అక్కడ కట్టుకో. ఇక్కడిది నేను చూసుకుంటా" అన్నాడు. ఒక్క ప్రశ్న మాత్రం వేశాడు, "కట్టేవాడి మీద ఎవరన్నా ఉన్నారా అడిగేవాళ్ళు?" ఉన్నారన్నాను. ఉన్నారో లేదో నేను కనుక్కోలేదు.

2008 చివర్లో ప్రపంచమంతా జరిగిందే ఇక్కడా జరిగింది. క్రేన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. మా టవరు పునాది గుంట దగ్గర ఆగింది. ఆఫీసుకి వెళ్తే మొదట మేనేజరు ఉండేవాడు, తర్వాత రిసెప్షన్లో అమ్మాయి మాత్రమే, ఆ తర్వాత తాళం. లాయరుని అడిగితే, కేసు వేయడానికి కోర్టు ఫీజు, అనువాదాల ఖర్చు, ఆయన ఫీజు కలిపి చెప్పిన అంకె విని బయటికొచ్చేశాను. నాలాంటివాళ్ళు చాలామందే ఉన్నారని తర్వాత తెలిసింది. నష్టం చాలామందిది కదా అని నాది తగ్గలేదు.

పూర్తయిన బిల్డింగులదీ మరో బాధ. అప్పట్లో ఉత్తర ఎమిరేట్లన్నిటా కరెంటు కొరత. కట్టడం అయిపోయి, రంగులేసి, లిఫ్టులు పెట్టి, కనెక్షన్ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసిన టవర్లుండేవి. రాత్రిపూట చూస్తే పక్కపక్కనే రెండు బిల్డింగులు, ఒకటి వెలుగుతూ, ఒకటి నల్లగా. కొన్ని డీజిల్ జనరేటర్ల మీద నడిచాయి. ఆగస్టు ఎండలో ఆ జనరేటరు ఆగిందంటే జనం కార్లలో ఏసీ వేసుకుని పడుకునేవాళ్ళు. 2011 మార్చిలో ప్రెసిడెంట్ షేక్ ఖలీఫా ఉత్తర ఎమిరేట్ల కరెంటు, నీళ్ళ కోసం 570 కోట్ల దిర్హాములు కేటాయించారు. ఆ తర్వాత ఏడాది, రెండేళ్ళలో నల్లటి బిల్డింగులు ఒక్కొక్కటీ వెలగడం నా కళ్ళతో చూశాను.

నాన్న ప్రశ్నకి నాకు దొరికిన జవాబులో మొదటి సగం అదే. ఇక్కడ పెద్ద ఖర్చులు చాలా వరకు ఊరు ఒక్కటే మొయ్యదు. పెద్ద హైవేలు, బడులు, ఆస్పత్రులు, కరెంటు చాలా భాగం సమాఖ్య ఖజానావి. ఆ ఖజానాలో ఎక్కువ వాటా అబూ ధాబీ నూనెది. అన్నదమ్ముల్లో కలిగినవాడు చిన్నవాడి ఇల్లు కట్టించినట్టు. రెండో సగం: పన్ను అనే పేరు లేదు గానీ ఫీజు లేని పని లేదు. అద్దె ఒప్పందం నమోదు చేయిస్తే అద్దెలో ఇంత శాతం మునిసిపాలిటీకి. దుకాణం పెడితే లైసెన్సు ఫీజు, బోర్డు పెడితే బోర్డుకి ఫీజు, ఏటేటా మళ్ళీ. కంపెనీలు పెట్టుకోవడానికి 1988లోనే ఫ్రీ జోన్ పెట్టి, దాని ఫీజులు. భూమి చేతులు మారితే ఫీజు. ఇక మురుగు గొట్టాల సంగతి, ఆ పనిని దీర్ఘకాలపు ఒప్పందం మీద ప్రైవేటు కంపెనీకిచ్చారు. వాళ్ళు పెట్టుబడి పెట్టి గొట్టాలు వేస్తారు, ఊళ్ళోవాళ్ళు బిల్లు కడతారు. అలా నేనొచ్చిన కొన్నేళ్ళకి మా సందు తవ్వారు, గొట్టాలు వేశారు, పూడ్చారు. ట్యాంకర్లు తగ్గాయి. మాకు మురుగుకి వేరే బిల్లు మొదలైంది. దాని మీద విసుక్కోని వాడు లేడు. నేను మాత్రం మొదటి బిల్లు ఫొటో తీసి నాన్నకి పంపించాను.

* * *

2012 జనవరిలో అమ్మానాన్నలు ఇక్కడికొచ్చారు. నెల రోజులున్నారు. అందరూ దుబాయి ఎత్తు టవరు చూపిస్తారు. నేనూ చూపించాను. నాన్న మెడ ఎత్తి చూసి "బాగుంది" అని కిందికి చూశాడు, వాన నీళ్ళు పోయే జాలీ ఎక్కడుందా అని. అజ్మాన్లో మాత్రం ఆయన కాళ్ళు ఆగలేదు. పొద్దున్నే కార్నిష్ దాకా నడక, అక్కణ్ణుంచి చేపల మార్కెట్టు, తిరిగొస్తూ మ్యాన్‌హోళ్ళు లెక్కపెట్టడం.

"కాలవ ఏదిరా?"

"కాలవ లేదు నాన్నా. అంతా కిందే."

"పోయి పోయి ఎక్కడ కలుస్తుంది?"

"శుద్ధి చేస్తారు. ఆ నీళ్ళతో రోడ్డు మధ్య మొక్కలు పెంచుతారు."

ఆ రోజంతా ఆయన ఎవరు ఫోన్ చేసినా అదే చెప్పాడు. మురుగు నీళ్ళతో పూలు పూయించారయ్యా అని.

పాత కోటని మ్యూజియం చేశారు, అక్కడికీ తీసికెళ్ళాను. 1970 దాకా పాలకుల ఇల్లు అదే. తర్వాత కొన్నేళ్ళు పోలీసు స్టేషను. లోపల ఈత మట్టలతో కట్టిన ఇల్లు ఒకటి చూపిస్తారు. నాన్న దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. "మా అమ్మమ్మ వాళ్ళ తాటాకిల్లు ఇట్లాగే ఉండేది" అన్నాడు. అక్కడే స్టాంపుల కథ చెప్పాను. ఆయన విజయవాడలో కొన్న పాకెట్టు గుర్తుచేసి, "నువ్వు ఈ ఊరికి ఎప్పుడో పన్ను కట్టేశావు నాన్నా" అన్నాను. ఆయన అంత గట్టిగా నవ్వడం నేను అంతకు ముందు ఎప్పుడూ చూడలేదు.

వెళ్ళిపోయే రెండు రోజుల ముందు, భోజనం చేసి చెయ్యి కడుక్కుంటూ, "ఆ స్థలం చూపించు" అన్నాడు. ఏ స్థలమో చెప్పలేదు, నేనూ అడగలేదు.

చుట్టూ రేకుల కంచె, ఒక మూల ఒరిగిపోయింది. గుంటలో ఆకుపచ్చ నీళ్ళు. తుప్పు పట్టిన ఊచలు నీళ్ళలోంచి పైకి వచ్చి ఉన్నాయి. కంచె మీద టవరు బొమ్మ ఎండకి వెలిసిపోయి, ఆకాశం మాత్రం మిగిలింది. నాన్న రేకుల సందులోంచి చూశాడు. నేను కారు దగ్గరే నిలబడ్డాను. ఆయన ఏమన్నా అంటే బాగుండు, తిడితే ఇంకా బాగుండు అనిపించింది.

తిరిగొచ్చి, "రసీదులున్నాయా?" అన్నాడు.

"అన్నీ ఉన్నాయి."

"దాచిపెట్టు."

అంతే. దారిలో చాయ్ తాగుదామన్నాడు. మలబారీ హోటల్లో కారు దగ్గరికే తెచ్చిచ్చారు. నా మూడు లక్షల నలభై వేల సంగతి ఆయన ఆ రోజు గానీ, ఆ తర్వాత గానీ ఎత్తలేదు.

2018 జనవరి 1న ఇక్కడ ఐదు శాతం వ్యాట్ మొదలైంది. ఆ రాత్రి నాన్నకి నేనే ఫోన్ చేశాను. "మొత్తానికి వేశారు!" అన్నాడు, తను గెలిచినట్టు. అందులో 30 శాతం కేంద్రానికి, 70 శాతం ఎమిరేట్ల ప్రభుత్వాలకని చెబితే, "స్థానిక సంస్థలకి ఎక్కువ వాటా ఇచ్చారా? మనవాళ్ళని చూసి నేర్చుకోమను" అన్నాడు. కాసేపాగి, "ఇక నువ్వు అడగొచ్చు" అన్నాడు. నేను నవ్వి ఊరుకున్నాను. వీసా రెండేళ్ళకోసారి పొడిగించుకునే వాడికి అడగడం అంత తేలిక కాదు. ఇక్కడ మనం ఊళ్ళో ఉంటాం, ఊరివాళ్ళం కాము. అద్దె కడతాం, ఫీజు కడతాం, బాగుంటే ఉంటాం, బాగాలేకపోతే సూట్‌కేసు సర్దుకుంటాం. ఇందులో ఎవరి తప్పూ లేదు. వచ్చేటప్పుడే తెలిసి వచ్చాం.

2019లో నాన్న పోయారు. కార్యక్రమాలయ్యాక ఆయన ట్రంకు పెట్టె తీశాం. ఇంటి పన్ను రసీదులు, 1978 నుంచి, ఏడాది వారీగా దారం కట్టి ఉన్నాయి. వాటి కింద ఆయన చిన్న డైరీలు. ఇంటి జమా ఖర్చులు. 2012 ఫిబ్రవరిలో, ఇక్కడి నుంచి వెళ్ళిన మర్నాడు, ఒక లైను: "అజ్మాన్ - 3,40,000 - రైట్ ఆఫ్."

ఈ మాట విలువ తెలియాలంటే బిల్లు కలెక్టర్ల భాష తెలియాలి. రాని బకాయిని కొట్టెయ్యడాన్ని రైట్ ఆఫ్ అంటారు. ఆ అధికారం బిల్లు కలెక్టరుకి లేదు, కౌన్సిల్ తీర్మానం కావాలి. ఏ ముసలావిడో వచ్చి పాత బాకీ మాఫీ చెయ్యమని ఏడిస్తే, "నాకంత అధికారం లేదమ్మా" అని ఆయన తల దించుకోవడం నేను చాలాసార్లు చూశాను. సర్వీసంతా చేయలేని ఆ పని, ఆయన ఒకే ఒక్కసారి చేశారు. నా పేరు మీద. తీర్మానం లేకుండా. నేను ఆ డైరీ పట్టుకుని పెరట్లోకి వెళ్ళి చాలాసేపు అక్కడే ఉన్నాను.

* * *

ఇప్పుడు ఆ గుంట లేదు. ఆ స్థలం ఎవరెవరి చేతులో మారి, ఎనిమిది అంతస్తుల వేరే బిల్డింగు వచ్చింది. కింద సూపర్ మార్కెట్టు. పాలు, పెరుగు, కరివేపాకు మేం అక్కడే తెచ్చుకుంటాం. మొదట్లో ఆ మెట్లెక్కాలంటే గుండె పట్టేసినట్టుండేది. ఇప్పుడు పార్కింగు దొరికితే చాలనిపిస్తుంది.

ఊరు బాగుపడింది, కాదనను. మా సందుకి పేవ్‌మెంటు వేశారు. ఊళ్ళో బస్సులు వచ్చాయి. కార్నిష్ మీద సాయంత్రం నడిస్తే ఫిలిప్పీన్స్, కేరళ, పాకిస్తాన్, ఈజిప్టు, సిరిసిల్ల అన్నీ వినపడతాయి. అల్ జోరా మడ అడవుల్లో ఫ్లెమింగోలు వస్తాయి. జుర్ఫ్ పారిశ్రామిక వాడలోని క్యాంపుల్లో మన జగిత్యాల, నిజామాబాద్ కుర్రాళ్ళు గదికి ఎంతమందో ఉంటూ, ఇదే ఊరి గోడలు కడుతున్నారు. ఊరి ఎదుగుదల లెక్క రాసేటప్పుడు వాళ్ళ పద్దు కూడా ఒకటి ఉండాలి. ఏ కాలమ్‌లో రాయాలో అకౌంటెంటుగా నాకు తెలియదు.

2024 ఏప్రిల్ 16, మంగళవారం. ఆ వాన గురించి మీరు వార్తల్లో చూసే ఉంటారు. 1949లో లెక్కలు మొదలైనప్పటి నుంచీ ఈ దేశంలో అంత వాన లేదన్నారు. అల్ ఐన్ వైపు ఒకచోట ఒక్క రోజులోపే 254.8 మిల్లీమీటర్లు పడింది. ఏడాది మొత్తం కలిపినా వంద మిల్లీమీటర్ల చుట్టుపక్కల పడే దేశం ఇది. మురుగుకి గొట్టాలున్నాయి గానీ, ఈ నేలకి అంత వాన నీళ్ళు మోసే అలవాటు లేదు. మా సందులో మోకాళ్ళ దాకా నీళ్ళు. కార్లు సగం మునిగాయి. కింద అంతస్తులో ఉన్న బీహారు కుటుంబం పసిపిల్లతో మా ఇంట్లోకి వచ్చేశారు. లిఫ్టు లేదు. రెండో రోజు, వెనక క్యాంపులో ఉండే సిరిసిల్ల కుర్రాళ్ళు ఇద్దరు మంచినీళ్ళ క్యాన్లు భుజాన పెట్టుకుని ఐదంతస్తులెక్కి ఇంటింటికీ ఇచ్చారు. డబ్బివ్వబోతే, "వద్దన్నా, మీది ఏ ఊరు?" అన్నారు.

నేను బాల్కనీలో నిలబడి ఆ నీళ్ళు చూస్తున్నాను. నాన్న ఉంటే ఈపాటికి పంచె ఎగ్గట్టి, కర్ర పట్టుకుని, జాలీ ఎక్కడుందో వెతుకుతూ దిగి ఉండేవాడు. నేనేం చేశాను? ఫోన్ తీసి, మునిసిపాలిటీ ఫిర్యాదుల నంబరుకి చేశాను. ఇన్నేళ్ళలో మొదటిసారి. అవతల అమ్మాయి ఓపిగ్గా వీధి పేరు, బిల్డింగు పేరు రాసుకుంది. "మీరు యజమానా, అద్దెకుంటున్నారా?" అని అడిగింది.

"అద్దెకే. పద్దెనిమిదేళ్ళుగా" అన్నాను. ఆ రెండో మాట అవసరం లేదు, అయినా అనేశాను.

ఫిర్యాదు నంబరు చెప్పింది. ఫోన్లోకి మెసేజి కూడా వచ్చింది. మర్నాడు మధ్యాహ్నం ట్యాంకరు వచ్చింది. అదే మోటారు చప్పుడు, అదే లావుపాటి గొట్టం, 2006లో లాగే. సందంతా బయటికొచ్చి నిలబడ్డారు. ఒక పఠాను డ్రైవరు గొట్టం నీళ్ళలోకి దించి, సిగరెట్టు వెలిగించుకుని, మెల్లగా తోడటం మొదలుపెట్టాడు. సాయంత్రానికి రోడ్డు కనపడింది.

వచ్చే ఏడు మా అమ్మాయి చదువుకి హైదరాబాద్ వెళ్తుంది. పందొమ్మిదో ఒప్పందం రాయించాలా, సూట్‌కేసులు సర్దాలా అని మా ఆవిడ అప్పుడప్పుడూ అడుగుతోంది. నేనింకా ఏమీ చెప్పలేదు. పోయిన వారం నీలం ఫైలు తీసినప్పుడు పద్దెనిమిదో ఒప్పందం వెనకాల ఒక చిన్న కాగితం కనపడింది. ఆ రోజు ఫిర్యాదు నంబరు నేనే రాసి పెట్టుకున్నది. దాన్ని తీసి పారెయ్యలేదు. ఆ తొంభై ఆరు వేల రసీదుల పక్కనే పెట్టి, ఫైలు మూసేశాను.